రెండో పుల్లీ

నొక్కుకుపోయిన బానెట్ కిందనుంచి భూతద్దం కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. ఒక కాలికి చెప్పు ఉంది. రెండోది ఎటో జారిపోయింది.

“బావా, ఇక బయటికి రా. అరెస్టు కాగితాలు తయారైపోయాయి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, లాఠీతో మడ్‌గార్డు మీద టకటకా కొడుతూ.

“నీ కాగితాలకేం తొందర? ఇంజన్ ఇంకా వాంగ్మూలం ఇస్తూనే ఉంది. మధ్యలో కొట్టకు, వినపడదు.”

ఆయనకు భూతద్దం అన్న పేరు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. భూతద్దం మాత్రం ఆయన ఏనాడూ కొనలేదు. దగ్గరికెళ్ళి, ముక్కు ఆనేంత దగ్గరగా చూడటం ఒక్కటే ఆయన విద్య. ప్రమాదం జరిగిన బళ్ళను పరీక్షించడంలో తల నెరిసింది. ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాడు. బోర్డు పెట్టినప్పటి నుంచీ ఆయనకు పక్కలో బల్లెం ఎవరంటే సాక్షాత్తూ భార్య తమ్ముడైన ఈ ఇన్‌స్పెక్టరే. ఇద్దరూ ఒకే కేసులో తగిలినప్పుడల్లా ఇంట్లో ఆమె ఎవరి పక్షానా మాట్లాడదు. ఇద్దరికీ కూర మాత్రం తక్కువేస్తుంది.

ఈసారి ఇద్దరినీ ఒకచోట చేర్చింది ఈ నీలం ట్రక్కు. స్టేషన్ వెనక రేకుల షెడ్డులో, ఇంజన్ గోడకు పిడికిలి పట్టేంత కన్నంతో, వాసన కొడుతున్న మాడు నూనెతో నిలబడి ఉంది.

జరిగింది ఇదీ. కొండ మీది కాలనీకి నీళ్ళు మోసే ట్రక్కులు రెండు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. రెండింటివీ కంపెనీ నుంచి వచ్చినవి వచ్చినట్టే ఉన్న పెట్రోల్ ఇంజన్లు. ట్యాంకు నిండుగా నింపితే ఆ నిటారు రోడ్డు ఎక్కలేక దారిలోనే చతికిలబడేవి. కొత్త ఇంజన్లు వేయించమని కొందరన్నారు. గ్యారేజీ పెద్దమేస్త్రి మాత్రం, ఉన్న ఇంజన్ ఊడదీయకుండానే దాని నెత్తిన సూపర్‌చార్జర్ కూర్చోబెడతానన్నాడు. ఇంజన్ తిరుగుతుంటే బెల్టు సాయంతో ఈ యంత్రమూ తిరుగుతుంది. బయటి గాలిని పీల్చి, నొక్కి, ఇంజన్‌లోకి దట్టిస్తుంది. గాలి ఎక్కువైతే మంట ఎక్కువ, మంట ఎక్కువైతే బలం ఎక్కువ. వారం రోజులు నీలం ట్రక్కు నిండు ట్యాంకుతో కొండెక్కి అందరి నోళ్ళూ మూయించింది. తీరా కాలనీ జనమంతా చూడటానికి వచ్చిన రోజున, కొండ సగంలో ఇంజన్ పేలింది. లోపలి రాడ్డు గోడ బద్దలు కొట్టుకుని బయటికొచ్చింది. నూనె వెనక టైర్ల కింద పరుచుకుని ట్రక్కు వెనక్కి జారి పక్కకి పల్టీ కొట్టింది. నడుపుతున్న కుర్రాడు పెద్దమేస్త్రి మేనల్లుడే. రెండు కాళ్ళూ విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు.

“ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరినట్టు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “మామూలు ఇంజన్‌కి మోయలేని బలం తగిలించాడు. పగిలింది. ఇందులో పరిశోధన ఏముంది బావా? నిర్లక్ష్యం. మనిషి చావు తప్పి కన్ను లొట్టపోయింది. మేస్త్రిని లోపలెయ్యడమే.”

భూతద్దం పాక్కుంటూ బయటికొచ్చాడు. చొక్కా పనికిరాకుండా పోయింది. ముఖం మీద నూనె మరక ఉంది, కళ్ళలో మాత్రం వెలుగు ఆగడం లేదు.

“పెద్దమేస్త్రిని పిలిపించు. వాళ్ళ తోడల్లుణ్ణి కూడా.”

“చిన్నమేస్త్రినా? ఆయన పొద్దుటి నుంచీ లోపలే ఉన్నాడు. మనకి నిపుణుడి అభిప్రాయం ఇస్తున్నది ఆయనే. ఇంజన్ల విషయంలో ఆయన మాటంటే మాటే.”

“అందుకే పిలవమంటున్నా.”

*

పెద్దమేస్త్రి వచ్చాడు. రెండు రోజుల్లో పదేళ్ళు మీదపడ్డట్టున్నాడు. ట్రక్కు వైపు చూడకుండా, దాని పక్కన నేల చూస్తూ నిలబడ్డాడు. ఆయన వెనకే చిన్నమేస్త్రి వచ్చాడు. ఇస్త్రీ చెదరని చొక్కా, చెవి మీద పెన్సిలు. ఇద్దరి భార్యలూ అక్కాచెల్లెళ్ళు. గ్యారేజీ ఇద్దరిదీ. పెద్దాయన కొత్తవి బిగిస్తాడు, చిన్నాయన పాత ఇంజన్లు విప్పి మళ్ళీ ప్రాణం పోస్తాడు.

“మేస్త్రీ, ఇటు రా. ఈ పుల్లీ చూడు,” అన్నాడు భూతద్దం.

సూపర్‌చార్జర్ ముందు భాగాన బెల్టు తిరిగే చక్రం. పెద్దమేస్త్రి వంగి చూశాడు. చెయ్యి పెట్టి బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. తలెత్తి భూతద్దం వైపు చూశాడు.

“చెప్పు.”

“ఇది... ఇది నేను బిగించింది కాదండీ! నేను పెట్టింది పెద్ద పుల్లీ. ఇది చిన్నది!”

“తేడా ఏమిటో ఇన్‌స్పెక్టర్ గారికి అర్థమయ్యేలా చెప్పు. నిదానంగా. ఆయన చదువు లాఠీ దగ్గరే ఆగిపోయింది.”

“బావా!” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

పెద్దమేస్త్రి నవ్వే స్థితిలో లేడు. “పుల్లీ పెద్దదైతే యంత్రం మెల్లగా తిరుగుతుందండీ. గాలి కొంచెమే ఎక్కువ వెళ్తుంది. కంపెనీ ఇంజన్ తట్టుకునేది అంతే. అదే చిన్నదైతే గిర్రున తిరుగుతుంది. గాలి కుమ్మేస్తుంది. దానికి తగ్గ పెట్రోలు అందదు. లోపల వేడెక్కి పిస్టన్ మైనంలా కరుగుతుంది. లోపలి భాగాలన్నీ గట్టివి మార్చిన ఇంజన్‌కే చిన్నది పెట్టాలి. మామూలు ఇంజన్‌కి పెట్టడమంటే పసిపిల్ల నోట్లో పిడికెడు మిరపకాయలు కుక్కడమే. నేనెందుకు పెడతానండీ? అందులో కూర్చునేది నా అక్క కొడుకు!”

“జనం ముందు గొప్పకి పెట్టి ఉంటావు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ టక్కున. “వారం రోజులు బాగా లాగింది. ఊరంతా చూసేరోజు ఇంకాస్త లాగితే పేరొస్తుందని ఆశపడ్డావు. తాళం నీ దగ్గరుంది, పుల్లీ నీ దగ్గరుంది, విద్య నీ దగ్గరుంది. ఇంకెవరికి పుడుతుంది ఆ బుద్ధి?”

భూతద్దం లోలోపల బామ్మర్దిని మెచ్చుకున్నాడు. మాట గట్టిదే. పైకి మాత్రం చిటికేసి, “ఈ బోల్టులు చూడు,” అన్నాడు.

పుల్లీని పట్టుకున్న ఆరు బోల్టుల తలల మీదా పసుపు రంగు గీత ఉంది.

“ఈ రంగేమిటి మేస్త్రీ?”

“బిగించాక నేను పెట్టే గుర్తండీ. బోల్టు తల మీంచి కిందనున్న లోహం దాకా ఒకటే గీత గీస్తాను. బోల్టు వదులైతే గీత విరిగి కనిపిస్తుంది.”

“ఇక్కడ బోల్టు మీది గీత ఒక దిక్కు చూస్తోంది. కింద పుల్లీ మీద గీతే లేదు. అంటే నీ బోల్టులే విప్పి, నీ పుల్లీ తీసేసి, ఇది పెట్టి, ఆ బోల్టులతోనే మళ్ళీ బిగించారు. అంచుల్లో పానా జారిన గాట్లున్నాయి. చీకట్లోనో కంగారులోనో చేసిన పని. ఇక బెల్టు. పుల్లీ చిన్నదైతే పాత బెల్టు వదులవుతుంది. పొట్టి బెల్టు దొరక్క, బిగించే రోలర్ని చివరిదాకా తోసేశారు. అయినా జారింది. అందుకే బెల్టు అంచులు అద్దంలా నున్నగా మెరుస్తున్నాయి. ఆసుపత్రిలో కుర్రాడు ఇందాక నాతో ఒక మాటన్నాడు. షెడ్డులోంచి బండి తీస్తూనే బెల్టు కీచుమందట. వారమంతా లేని కూత ఆ పొద్దున వచ్చిందట. వేడెక్కితే పోతుందిలే అనుకున్నాడట. కాబట్టి దారిలో జరిగింది కాదు. ముందురోజు రాత్రి, గ్యారేజీలో, తాళం వేసిన షెడ్డులో జరిగింది.”

“అదేగా నేను చెప్తున్నది!” ఇన్‌స్పెక్టర్ లాఠీ ఎగరేసి పట్టుకున్నాడు. “తాళం ఎవరి దగ్గరుంది?”

“నా దగ్గర ఒకటి,” అన్నాడు పెద్దమేస్త్రి. ఇంకొకటి ఎవరి దగ్గరుందో చెప్పలేదు.

“ఇంకొకటి నా దగ్గర,” అన్నాడు చిన్నమేస్త్రి తడుముకోకుండా. “దాచేదేముంది? గ్యారేజీ ఇద్దరిదీ. కానీ ఇన్‌స్పెక్టర్ గారూ, అన్నయ్యని మరీ దోషిని చెయ్యకండి. ఆయన మంచి మనసు నాకు తెలుసు. పనిలో పడితే ఒళ్ళు తెలీదు, అంతే. నేను మొదట్నుంచీ మొత్తుకున్నాను. వయసు మళ్ళిన ఇంజన్‌కి ఈ హంగులెందుకు, విప్పి శుభ్రంగా కొత్త భాగాలు వేద్దామని. వింటేనా?”

వినడానికి సానుభూతిలాగే ఉంది. కానీ ప్రతి మాటా మేస్త్రి మెడకు ఒక్కో చుట్టు తాడు బిగిస్తున్నట్టు అనిపించింది భూతద్దానికి.

“మీరు దీని మీద అభిప్రాయం రాసిచ్చారటగా. బానెట్ ఎత్తి చూశారా?”

“అక్కర్లేదండీ. ఇంజన్ పక్క గోడకు పడిన కన్నం చాలు. వైద్యుడు నాలుక చూసి రోగం చెప్పడూ?”

“బాగుంది. మరి నిన్న రెండుసార్లు, ఇవాళ ఒకసారి ఇన్‌స్పెక్టర్‌ని ఒకటే అడిగారట. గ్యారేజీ షెడ్డు సీలు తీసి ఒక్క నిమిషం లోపలికి వెళ్ళనివ్వమని. ఎందుకు?”

చిన్నమేస్త్రి చెవి మీది పెన్సిలు తీసి, మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. “నా పానాల పెట్టె లోపల ఉండిపోయిందండీ. పనిముట్లు లేకుండా పనివాడెలా బతుకుతాడు?”

“పొద్దున మీ గ్యారేజీకి వెళ్ళొచ్చాను. మీ పానాల పెట్టె పక్కన సామాన్ల గదిలో, బల్ల కింద ఉంది. ఆ గదికి సీలు లేదు.”

“ఓహో, అక్కడుందా? కంగారులో మర్చిపోయుంటాను.”

తడబాటు లేదు. గొంతు తేనెలా ఉంది. ఇన్‌స్పెక్టర్ విసుగ్గా గడియారం చూసుకున్నాడు. “బావా, పెట్టె ఎక్కడుంటే నీకేం? కోడిగుడ్డుకి ఈకలు పీకుతున్నావు.”

భూతద్దం పెద్దమేస్త్రి వైపు తిరిగాడు. “చిన్న పుల్లీలు నీ దగ్గర ఎన్ని ఉండాలి?”

“రెండండీ. సూపర్‌చార్జర్లు రెండు కొన్నాం కదా, నీలానికొకటి, ఎరుపుకొకటి. ఒక్కోదానితో ఒక పెద్ద పుల్లీ, ఒక చిన్నది వచ్చాయి. పెద్దవి బళ్ళకి బిగించేశాను. చిన్నవి రెండూ సామాన్ల గదిలో గోడ మేకుకి తగిలించాను.”

“మేకు ఖాళీగా ఉంది,” అన్నాడు భూతద్దం మెల్లగా. “నేను చూశాను. గోడ మీద దుమ్ములో రెండు గుండ్రటి గుర్తులే మిగిలాయి. ఒక పుల్లీ ఇదిగో, ఇక్కడుంది. మరి రెండోది?”

పైన రేకు ఎండకి టప్పుమని మోగింది.

రెండోది ఎక్కడుందో భూతద్దానికి తెలిసిపోయింది. ఏ బండిని ముందు కొండెక్కిస్తారో తెలియనివాడు, రెండింటికీ మార్చి ఉంటాడు. ఎరుపు ట్రక్కు గ్యారేజీ షెడ్డులో, సీలు వేసిన తలుపు వెనక ఉంది. అది పొద్దున తలుపు సందులోంచి తన కళ్ళతో చూశాడు. తలుపు తెరిపించి చూస్తే పుల్లీ కనిపిస్తుంది. కానీ పుల్లీ కనిపిస్తే సరిపోతుందా? దాన్ని పెట్టిన చెయ్యి కనిపించదే! ఇన్‌స్పెక్టర్ మళ్ళీ అదే పాట పాడతాడు. తాళాలు ఇద్దరి దగ్గరా ఉన్నాయి. విద్య ఇద్దరికీ వచ్చు.

ఒక్క దారి ఉంది. అబద్ధం. ఆయన గుండె పందెంకోడిలా ఎగిరింది. ఇలాంటి క్షణాల కోసమే కదా బోర్డు పెట్టుకున్నది!

“సర్లే,” అన్నాడు చేతులు దులుపుకుంటూ, ఏమీ పట్టనట్టు. “అది తర్వాత వెతుకుదాం. అన్నట్టు మేస్త్రీ, నీకు చెప్పడం మరిచాను. మీ అమ్మాయి ఎరుపు ట్రక్కు తీసుకుని కొండకి బయల్దేరింది. నిండు ట్యాంకుతో. మా నాన్న పనిలో తప్పులేదని ఎక్కించి చూపిస్తానంది.”

ఇన్‌స్పెక్టర్ ఉలిక్కిపడ్డాడు. “అది నీకెవరు చె...” అని సగంలో ఆగిపోయాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి బామ్మర్ది మొదటిసారి సైగ అందుకుని నోరు మూసుకున్నాడని భూతద్దం మురిసిపోయాడు. చూపు మాత్రం తోడల్లుళ్ళ మీంచి తిప్పలేదు.

పెద్దమేస్త్రి తల ఎత్తాడు. రెండు రోజుల తర్వాత ఆయన ముఖంలో మొదటిసారి కళ కనిపించింది.

“వెళ్ళిందా? వెళ్ళనివ్వండి బాబూ! దానికేం కాదు. బోల్టు బోల్టూ నా చేత్తో బిగించిన బండి. అమ్మాయికి గేరు ఎప్పుడు మార్చాలో నాకంటే బాగా తెలుసు. పైకెళ్ళి హారన్ కొడుతుంది చూడండి, స్టేషన్ దాకా వినబడుతుంది!”

భూతద్దం అరక్షణం కళ్ళు మూసుకున్నాడు. దొరికింది. తప్పు చేసినవాడు కన్నకూతురు ఆ బండెక్కిందంటే ఇలా నవ్వడు. నవ్వలేడు.

చిన్నమేస్త్రి నవ్వడం లేదు. ఇస్త్రీ చొక్కా వీపున చెమట మరక నెమ్మదిగా వెడల్పవుతోంది.

“ఎందుకండీ... ఇప్పుడు ఎందుకు పంపడం?” అన్నాడు. “ఒక ప్రమాదం సరిపోలేదా? వెనక్కి పిలిపించండి.”

“ఎందుకు పిలవాలి? మీ అన్నయ్యకి లేని భయం మీకేం?”

“భయమని కాదు. ముందు జాగ్రత్త.”

“జాగ్రత్తకేం లోటు లేదులెండి, పక్కన తోడుంది.” భూతద్దం వంగి, జారిపోయిన చెప్పు వెతుక్కుంటూ అన్నాడు. “మీ అమ్మాయి. అక్క ఎక్కడుంటే చెల్లెలు అక్కడే కదా. ముందు సీట్లో కూర్చుని చెయ్యూపుతూ వెళ్ళిందట.”

చిన్నమేస్త్రి చెవి మీది పెన్సిలు కింద పడింది.

“ఆపండి!”

గొంతు చిన్నమేస్త్రిదే కానీ మునుపటిది కాదు. ఎవరో లోపల్నుంచి చీల్చుకొచ్చినట్టుంది. ఆయన ఇన్‌స్పెక్టర్ రెండు భుజాలూ పట్టుకుని ఊపేశాడు. “బండి ఆపించండి! ఎవరికైనా చెప్పండి! యాక్సిలేటర్ నొక్కద్దని చెప్పండి! కొండ మొదట్లోనే ఆపాలి, ఎక్కనివ్వద్దు! అందులో కూడా... అందులో కూడా చిన్న పుల్లీయే!”

“నీకెలా తెలుసు?” అడిగాడు భూతద్దం.

“నేనే పెట్టాను! రెండింటికీ నేనే పెట్టాను! చాలా? ఇప్పుడైనా ఆపుతారా?”

పెద్దమేస్త్రి అప్రయత్నంగా ఒక అడుగు వెనక్కి వేశాడు. “తమ్ముడూ...” అన్నాడు.

చిన్నమేస్త్రి నేల మీద కూలబడ్డాడు. “ఇంజన్ పోతుందనుకున్నాను అన్నయ్యా. మనిషికి ఏదో అవుతుందనుకోలేదు. కాస్త పొగ వచ్చి, బండి ఆగి, అందరూ నవ్వుతారనుకున్నాను. వారం రోజులుగా ఊరంతా నిన్ను మోస్తోంది. నా చేతిలో పోయిన ప్రాణం తిరిగి తెచ్చుకున్న ఇంజన్లు ఎన్ని! ఒక్కడైనా నన్ను చూడటానికి వచ్చాడా? నువ్వు నాలుగు బోల్టులు బిగించి ఒక డబ్బా కూర్చోబెడితే ఆహా ఓహో. ఇక ఇంజన్లు విప్పే పనే ఉండదని మా ఆవిడ కూడా నవ్వింది. ఒక్కసారి... ఒక్కసారి నా మాట నిజం కావాలనిపించింది. రాత్రి వెళ్ళి మార్చేశాను. పొద్దున కుర్రాడు బండి తీస్తుంటే చెప్పబోయాను. నోరు పెగల్లేదు. ఎరుపుదాన్నైనా మార్చేద్దామని సీలు తీయమని కాళ్ళావేళ్ళా పడ్డాను...”

పెద్దమేస్త్రికి కొట్టడానికో, లేవదీయడానికో చెయ్యి లేచింది. మధ్యలోనే ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ నడుముకున్న బేడీలు తీసి, ఇందాక పెద్దమేస్త్రి కోసం సిద్ధం చేసినవాటిని చిన్నమేస్త్రి చేతులకు తగిలించాడు. భూతద్దం తన గెలుపు చప్పరించుకుంటూ రెండో చెప్పు కాలికి తొడుక్కున్నాడు.

“కంగారు పడకండి,” అన్నాడు. “మీ పిల్లలు ఇంట్లో క్షేమంగా ఉంటారు. బండి కదల్లేదు. నేనాడింది అబద్ధం. మీ నోట నిజం రావాలంటే అంతకంటే దారి లేకపోయింది.”

చిన్నమేస్త్రి బేడీల మధ్య ముఖం దాచుకుని భోరుమన్నాడు. అది ఏడుపో, ఊరటో చెప్పడం కష్టం.

“బావా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆ గొంతు విని భూతద్దం గిరుక్కున తిరిగాడు. బామ్మర్ది ముఖం పిండి పూసినట్టు తెల్లగా పాలిపోయింది.

“అబద్ధమేమిటి బావా? నీకు నిజంగా తెలిసే చెప్తున్నావని, బండిని ఎక్కడో ఆపించే ఉంటావని అనుకున్నాను. నువ్వు గ్యారేజీ నుంచి వచ్చాక... సీలు నేనే తీయించాను.”

“ఏమిటీ?”

“రెండు రోజులుగా కాలనీలో చుక్క నీళ్ళు లేవు. నీళ్ళ కాంట్రాక్టరు వచ్చి గోల పెట్టాడు. పై నుంచి ఫోన్లు. రెండో బండికి ఏ కేసూ లేదు కదా అని వదిలేశాను. డ్రైవర్ లేడంటే మేస్త్రి గారమ్మాయి నేను నడుపుతానని వచ్చింది. బండి తాళం నా చేత్తోనే ఇచ్చాను బావా. నేను... నేను శుభం అని కూడా అన్నాను.”

“ఒక్కతేనా?” అడిగాడు భూతద్దం.

“తెలీదు బావా, ఇందాక సొరుగులో చిన్నమేస్త్రి ఫోన్ టింగుమంది,” అంటూ ఇన్‌స్పెక్టర్ లోపలికి పరుగెత్తాడు. స్టేషన్‌లోకి వచ్చినవాళ్ళ ఫోన్లు ఆయన సొరుగులోనే పెట్టిస్తాడు. చిన్నమేస్త్రి ఫోన్ తెచ్చి భూతద్దం కళ్ళ ముందు పెట్టాడు. తెర మీద కూతురి నుంచి సందేశం ఉంది. ‘నాన్నా, అక్కతో పాటు ఎర్ర బండెక్కుతున్నా. అమ్మకి చెప్పకు. పైనుంచి ఫొటో పంపిస్తా.’

నలుగురూ ఒకేసారి పరుగెత్తారు.

ఎవరు ముందు జీపెక్కారో, తలుపులు ఎవరు వేశారో తెలియదు. ఇన్‌స్పెక్టర్ స్టీరింగ్ పట్టుకున్నాడు. భూతద్దం పక్కన కూర్చున్నాడు. వెనక సీట్లో తోడల్లుళ్ళిద్దరూ, భుజానికి భుజం తగులుతూ కూర్చున్నారు. జీపు గేటు స్తంభాన్ని రాసుకుంటూ రోడ్డెక్కింది.

“ట్యాంకు నింపుకోవడానికి ఆగి ఉంటారు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, సైరన్ మోగిస్తూ. “నింపడానికి టైము పడుతుంది. అందుకోవచ్చు. అందుకోవచ్చు బావా.”

భూతద్దం డ్యాష్‌బోర్డు పట్టుకుని ముందుకు వంగాడు. తను వేసిన ఎత్తు తెలివైనదే. కానీ పొద్దునే ఆ షెడ్డు తెరిపించి పుల్లీ చూసి ఉంటే, ఈపాటికి ఎరుపు ట్రక్కు బానెట్ ఎత్తి నిలబడి ఉండేది. దొంగని పట్టాలన్న ఉత్సాహంలో బండిని వదిలేశాడు. ఆ మాట ఎవరూ అనలేదు. ఆయనే లోపల అనుకున్నాడు, పళ్ళు కొరుక్కుంటూ.

“ఫోన్ చెయ్యి,” అన్నాడు పెద్దమేస్త్రి హఠాత్తుగా. ఇంతసేపటికి తోడల్లుడితో ఆయన మాట్లాడటం అదే మొదలు. “అదే, మీ అమ్మాయికి చెయ్యి. మా అమ్మాయి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తదు.”

బేడీలతో చిన్నమేస్త్రి వేళ్ళకి అంకెలు అందడం లేదు. పెద్దమేస్త్రి ఫోన్ లాక్కుని తనే నొక్కి, తోడల్లుడి చెవికి ఆనించి పట్టుకున్నాడు. మోగింది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ నొక్కాడు. మోగుతోంది. నీళ్ళు నింపే పంపు దగ్గరికి వచ్చారు. అక్కడ నేలంతా తడిగా ఉంది. ట్రక్కు మాత్రం లేదు. తడి టైరు చారలు రోడ్డు మీద ఎండలో ఆరుతూ, తిన్నగా కొండ వైపు సాగాయి.

“తడి ఆరలేదు,” అన్నాడు భూతద్దం కిటికీలోంచి వంగి చూస్తూ. “ఇప్పుడే వెళ్ళారు. తొక్కు బామ్మర్దీ, తొక్కు!”

మలుపు తిరిగేసరికి కొండ ఎదురుగా నిలబడింది. నిటారు రోడ్డు మీద, రెండో వంపు దాటి పైకి పాకుతూ అగ్గిపెట్టెంత ఎర్రటి మచ్చ కనిపించింది. నిండు ట్యాంకుతో ఉన్న బండి అంత వేగంగా ఎక్కడం వాళ్ళలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

అప్పుడే చిన్నమేస్త్రి కూతురు ఫోన్ ఎత్తింది.

“అమ్మా!” అని అరిచాడు చిన్నమేస్త్రి. “అమ్మా, బండి ఆపండి! అక్కకి చెప్పు! కాలు తీసెయ్యమని చెప్పు!”

అవతల ఇంజన్ హోరు. దాని మధ్యలోంచి నవ్వుతున్న ఆడపిల్ల గొంతు నలుగురికీ వినిపించింది.

“ఏంటి నాన్నా? ఏమీ వినపడట్లేదు! పెదనాన్న పక్కనున్నాడా? ఆయనతో చెప్పు, బండి ఏనుగులా లాగుతోంది! అక్క ఇంకా నొక్కుతోంది!”

లైను తెగిపోయింది.